గడియారం ఎవరి చేతిలో? జావాస్క్రిప్ట్‌తో ఇంటర్నెట్ రేడియో సర్వర్: ఒక సమీక్ష

జావాస్క్రిప్ట్‌తో చిన్న ఇంటర్నెట్ రేడియో సర్వర్ రాయడం ఎంత పని? ప్రోగ్రామర్లను అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. పది లైన్లు చాలంటారు కొందరు. ఐస్‌కాస్ట్ అనే రేడియో సర్వర్ పాతికేళ్లుగా పనిచేస్తుంటే మళ్లీ ఆ తిప్పలెందుకంటారు ఇంకొందరు. రెండు జవాబులూ నిజమే. కాకపోతే ఇద్దరూ ఒకే వస్తువు గురించి మాట్లాడటం లేదు. మొదటివారి మనసులో ఉన్నది ఫైలు పంపడం, రెండోవారి మనసులో ఉన్నది రేడియో నడపడం.

ఈ తేడా పట్టుకోకుండా వాదన మొదలుపెడితే అది ఏ భాష మంచిది, ఏ ప్రోటోకాల్ కొత్తది అనే చోటికి పోయి చిక్కుపడుతుంది. ఇన్నేళ్లుగా జరుగుతున్నది అదే. నిజానికి రేడియోను మిగతా అన్నిటి నుంచి విడదీసేది ఒక్క లక్షణం: వినేవాళ్లందరికీ ఒకే సమయంలో ఒకే పాట. మీరు ఆలస్యంగా రేడియో పెడితే పాట మధ్యలోంచి వినపడాలి. అంటే ఎక్కడో ఒక గడియారం నడుస్తుండాలి. ఆ గడియారం సర్వర్‌లో ఉంటుందా, ప్లేలిస్ట్ ఫైలులోనా, శ్రోత యంత్రంలోనా? ఈ రంగంలో ఉన్న వర్గాలన్నీ ఈ ఒక్క ప్రశ్నకు తలో జవాబు చెప్పినవే.

పాత కథ, ఇప్పటికీ పనిచేస్తున్న భాగం

నెట్ మీద రేడియో ఆలోచన జావాస్క్రిప్ట్ కంటే పాతది. కార్ల్ మాలముద్ 1993లో ఇంటర్నెట్ టాక్ రేడియో మొదలుపెట్టాడు. కార్యక్రమాలను ఎక్కువమంది ఫైళ్లుగా దించుకుని విన్నారు. 1994 నవంబరు 7న నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం, చాపెల్ హిల్‌లోని విద్యార్థుల స్టేషన్ డబ్ల్యూఎక్స్‌వైసీ తన ఎఫ్ఎం ప్రసారాన్ని నెట్‌లోకి ఎక్కించింది. 1995 ఏప్రిల్‌లో రియల్ఆడియో వచ్చింది. దాని సర్వర్, ప్లేయర్, ఫార్మాట్ అన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉండేవి.

తలుపులు తెరిచింది మాత్రం 1998 చివర్లో వచ్చిన షౌట్‌కాస్ట్. విన్‌యాంప్ తయారు చేసిన నల్‌సాఫ్ట్ వాళ్లదే ఇది. ఎంపీ3 ఉన్నవాళ్లెవరైనా స్టేషన్ పెట్టుకోవచ్చన్నది దాని సందేశం. కొద్ది నెలల తేడాతోనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా ఐస్‌కాస్ట్ వచ్చింది, తర్వాత జిఫ్ ఫౌండేషన్ గూటికి చేరింది. ఈ రెండూ పాటించిన పద్ధతికి ఐసీవై అని పేరు. షౌట్‌కాస్ట్‌కు మొదట అనుకున్న పేరు 'ఐ కెన్ యెల్', అంటే 'నేను అరవగలను'. ఆ పేరే పొట్టి అక్షరాలుగా ప్రోటోకాల్‌లో మిగిలిపోయింది. ఇప్పటికీ ఈ పద్ధతిలో నడిచే స్టేషన్ స్పందన హెడర్లు తెరిచి చూస్తే ఐసీవై-నేమ్, ఐసీవై-బీఆర్ లాంటివి కనిపిస్తాయి.

ఈ పద్ధతిలో అద్భుతమేమీ లేదు. శ్రోత హెచ్‌టీటీపీలో అడుగుతాడు. సర్వర్ 'సరే' అని, మొత్తం ఎంత పొడవో చెప్పకుండా, బైట్లు పంపుతూనే ఉంటుంది. జవాబు ఎప్పటికీ పూర్తికాదు, అంతే. జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపే నోడ్‌ను ర్యాన్ డాల్ 2009లో ప్రపంచానికి చూపించినప్పుడు ఈ పనికి సరిపోయే పరికరం జావాస్క్రిప్ట్ వాళ్లకు చేతికందింది. వందల కనెక్షన్లు తెరిచి ఉంచి, ఒక్కోదానికి ఒక్కో థ్రెడ్ కేటాయించకుండా, ఎవరికి ఏమైనా పంపాల్సి వచ్చినప్పుడే లేచి పనిచేయడం నోడ్ స్వభావం. రేడియో సర్వర్‌కు కావలసింది అదే. ఒక చిన్న సంగతి: నోడ్ గుర్తించే హెచ్‌టీటీపీ పద్ధతుల జాబితాలో గెట్, పోస్ట్‌ల పక్కన 'సోర్స్' కూడా ఉంటుంది. స్టూడియో నుంచి ఐస్‌కాస్ట్‌కు ధ్వని పంపే ప్రోగ్రాములు వాడే మాట అది.

పది లైన్ల రేడియో ఎందుకు రేడియో కాదు

నోడ్ నేర్చుకునేవాళ్లు మొదట రాసేది ఇలా ఉంటుంది: ఫైలు తెరిచి స్ట్రీమ్‌గా చదువుతారు, దాన్ని శ్రోత స్పందనకు పైప్ చేస్తారు. బ్రౌజర్‌లో పాట మోగుతుంది. మోగింది కాబట్టి పని అయిపోయిందనిపిస్తుంది.

కానీ ఇక్కడ ప్రతి శ్రోతకూ ఫైలు మొదటి నుంచి తెరుచుకుంటుంది. నెట్ ఎంత వేగంగా లాగితే అంత వేగంగా పోతుంది. నాలుగు నిమిషాల పాట రెండు సెకన్లలో శ్రోత బఫర్‌లో పడిపోతుంది. ఇది డౌన్‌లోడు. దీన్ని రేడియో చేయాలంటే ఫైలు ఒక్కసారే, ఒక్కచోటే, పాట నడిచే వేగంతో చదవాలి. చదివిన ముక్కను అప్పుడు వింటున్నవాళ్లందరికీ పంచాలి.

'పాట నడిచే వేగం' అన్న చోటే వర్గాలు విడిపోతాయి. మొదటి వర్గం బైట్లు లెక్కపెడుతుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3 అంటే సెకనుకు 16,000 బైట్లు. సెకనుకోసారి టైమర్ పెట్టి 16,000 బైట్లు వదిలితే సరి. వినడానికి బాగుంది. అయితే నోడ్‌లో సెట్‌ఇంటర్వల్ ఎప్పుడూ కొంచెం ఆలస్యంగానే మోగుతుంది, ముందుగా మోగదు. పైగా ఆ ఆలస్యం తర్వాతి మోతకు కలుస్తుంది. ప్రతి మోతా 2 మిల్లీసెకన్లు ఆలస్యమైందనుకుందాం. శ్రోత చేరగానే అతనికి ముందస్తుగా 64 కిలోబైట్లు, అంటే నాలుగు సెకన్ల ధ్వని ఇచ్చామనుకుందాం. ఆ నాలుగు సెకన్ల నిల్వ 2,000 మోతల్లో కరిగిపోతుంది. అంటే 33 నిమిషాలకు పాట తడబడుతుంది. పరీక్షించేటప్పుడు ఐదు నిమిషాలు విని బాగుందనుకున్నవాళ్లకు ఈ తప్పు ఎప్పటికీ కనపడదు. రోజంతా నడిస్తే సర్వర్ దాదాపు మూడు నిమిషాలు వెనకబడుతుంది.

మందు సులభమే. మోతలను నమ్మకూడదు. ప్రసారం మొదలైన క్షణం గుర్తుపెట్టుకుని, టైమర్ మోగినప్పుడల్లా 'ఇప్పటిదాకా ఎన్ని బైట్లు పోవాలి, ఎన్ని పోయాయి' అని తీసివేసి, తేడా పంపాలి. అప్పుడు ఒక మోత ఆలస్యమైనా తర్వాతి మోత ఆ బాకీ తీరుస్తుంది. ఇంత చిన్న మార్పు చాలా ఉదాహరణ ప్రోగ్రాముల్లో లేకపోవడం విచిత్రం.

రెండో వర్గం బైట్లను నమ్మదు, ఫ్రేములను లెక్కపెడుతుంది. ఎంపీ3లో ధ్వని ఫ్రేములుగా ఉంటుంది. మామూలుగా మనకు దొరికే 44.1 కిలోహెర్ట్జ్ ఫైళ్లలో ఒక్కో ఫ్రేములో 1,152 నమూనాలుంటాయి. అది 26.12 మిల్లీసెకన్ల ధ్వని. 128 కేబీపీఎస్‌లో ఫ్రేము 417 లేదా 418 బైట్లు ఉంటుంది. బిట్‌రేటు మారుతూ ఉండే ఫైళ్లలో ఫ్రేము పెద్దదవుతుంది, చిన్నదవుతుంది, కానీ కాలం మాత్రం మారదు. కాబట్టి కాలానికి నికరమైన కొలత ఫ్రేమే.

ఈ వర్గం మాట ఎందుకు వినాలో మన పాటల ఫైళ్లే చెబుతాయి. చాలా ఎంపీ3ల మొదట్లో ఐడీ3 ట్యాగ్ ఉంటుంది. అందులో సినిమా పోస్టరు బొమ్మ, దించుకున్న సైటు ప్రకటన, ఇంకా ఏవేవో. బొమ్మ 300 కిలోబైట్లు ఉందనుకోండి. బైట్లు లెక్కపెట్టే సర్వర్ దాన్నీ సెకనుకు 16,000 చొప్పున ఓపిగ్గా పంపుతుంది. శ్రోతకు ఇది దాదాపు 19 సెకన్ల నిశ్శబ్దం. పాటకూ పాటకూ మధ్య రేడియో చచ్చిపోయినట్టుంటుంది. ఫ్రేములు వెతికే సర్వర్ ట్యాగ్‌ను దాటేసి, నిజమైన ధ్వని నుంచి మొదలుపెడుతుంది. శ్రోత మధ్యలో చేరినా ఫ్రేము అంచున చేరుస్తుంది. అప్పటికీ మొదటి ఒకటి రెండు ఫ్రేములు పలకకపోవచ్చు. ఎంపీ3 ఫ్రేము తనకు ముందున్న ఫ్రేముల్లో మిగిలిన చోటును కూడా వాడుకుంటుంది కాబట్టి.

మూడో వర్గం ఇదంతా మనకెందుకని ధ్వనిని మార్చే ప్రోగ్రాము ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను పిలుస్తుంది. దానికి పాట వేగంతోనే చదవమని చెప్పే ఆప్షన్ ఉంది. నోడ్ దాన్ని పక్క ప్రాసెస్‌గా నడిపి, బయటికొచ్చిన ధ్వనిని పంచుతుంది. గడియారం ఎఫ్ఎఫ్ఎంపెగ్ చేతిలో ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్ ఫైలు, 320 కేబీపీఎస్ ఫైలు, ఏదొచ్చినా ఒకే అచ్చులో పోస్తుంది. బదులుగా ప్రాసెసర్ పని పెరుగుతుంది. ఒక పాట ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోట అతుకు జాగ్రత్తగా వేయాలి. చిన్న స్టేషన్‌కు ఈ దారే మేలని నా అభిప్రాయం. ఫ్రేముల లెక్క రాయడం నేర్చుకోవడానికి మంచిదే, కానీ పాటల గుట్టలో వెయ్యి రకాల ఫైళ్లున్నప్పుడు దాన్ని నమ్ముకుని నిద్రపోలేం.

నెమ్మది శ్రోత అనే అసలు పరీక్ష

గడియారం సరిగ్గా నడిచినా ఇంకో చిక్కుంది. రైల్లో వెళుతున్న శ్రోత సెల్ సిగ్నల్ పోయింది. కనెక్షన్ తెగలేదు, కానీ అతను బైట్లు తీసుకోవడం లేదు. సర్వర్ ఏం చేయాలి?

ఇక్కడ జావాస్క్రిప్ట్ ఇచ్చే మూడు పనిముట్లూ మూడు తప్పు జవాబులు ఇస్తాయి. నోడ్ స్ట్రీమ్‌ను ఒకేసారి పలువురికి పైప్ చేస్తే, ఏ ఒక్కరి బఫర్ నిండినా మూలం ఆగిపోతుంది, అందరూ ఖాళీ అయ్యేదాకా కదలదు. రైల్లో ఒకరికి సిగ్నల్ పోతే డల్లాస్‌లో వింటున్నవారి పాట కూడా ఆగుతుందన్నమాట. బ్రౌజర్ల నుంచి వచ్చిన వెబ్ స్ట్రీమ్స్‌లో 'టీ' అనే పద్ధతి సరిగ్గా దీనికి వ్యతిరేకం. అది వేగంగా ఉన్నవాడితో పరుగెత్తి, వెనకబడినవాడి వాటాను మెమరీలో పోగేస్తుంది, ఎంతైనా సరే. ఇక పైప్ మానేసి ప్రతి శ్రోతకూ నేరుగా రైట్ పిలిస్తే, బఫర్ నిండినప్పుడు అది 'చాలు' అన్నట్టు ఫాల్స్ విలువ తిరిగిస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే ఆ బైట్లూ మెమరీలోకే. గంటకు ఒక్కో శ్రోతకు 57.6 మెగాబైట్లు. ఇలాంటివాళ్లు ఇరవైమంది ఉంటే గంటలో ఒక గిగాబైటు దాటుతుంది. చిన్న అద్దె సర్వర్ అక్కడితో కూలుతుంది.

సరైన జవాబును ఐస్‌కాస్ట్ ఎప్పుడో చెప్పింది. ప్రతి శ్రోతకూ ఒక హద్దు పెట్టింది. మామూలు అమరికలో అది 512 కిలోబైట్లు. అంతకంటే వెనకబడితే కనెక్షన్ తెంచేస్తుంది. అతని ప్లేయర్ మళ్లీ చేరితే ప్రస్తుత క్షణం నుంచి వినిపిస్తుంది. వినడానికి కఠినంగా ఉన్నా రేడియోకు న్యాయమిదే. నోడ్‌లో ఇదే పని చేయాలంటే, పంపే ముందు ఆ శ్రోత స్పందనలో రాయాల్సింది ఎంత పేరుకుందో చూసి, హద్దు దాటితే దాన్ని నాశనం చేయాలి. రెండు లైన్లు. ఆ రెండు లైన్లు లేని సర్వర్‌ను ఎంత అందంగా రాసినా అది ప్రదర్శన వస్తువే.

'జనరంజని' అని రాస్తే ఏమవుతుంది

పాట పేరు ప్లేయర్‌లో కనపడటం ఐసీవై ఇచ్చిన వరం. ప్లేయర్ అడిగితే, సర్వర్ ప్రతి ఇన్ని బైట్ల ధ్వనికీ ఒకసారి పేరు ముక్కను ఇరికిస్తుంది. ఆ ముక్క మొదటి బైటు పొడవు చెబుతుంది. పొడవు పదహారు బైట్ల లెక్కన ఉంటుంది. బైటు విలువ 3 అంటే వెనక 48 బైట్ల రాత ఉందని అర్థం, నిండకపోతే సున్నాలతో నింపాలి. ఒక బైటుకు గరిష్ఠ విలువ 255 కాబట్టి రాత 4,080 బైట్లకు మించదు.

ఇప్పుడు పేరు 'జనరంజని' అనుకుందాం. స్ట్రీమ్‌టైటిల్ అన్న మాట, సమాన గుర్తు, కొటేషన్లు, సెమికోలన్ కలిపి 15 బైట్లు. జావాస్క్రిప్ట్‌ను 'జనరంజని' పొడవెంత అనడిగితే 7 అంటుంది. జ, న, ర, సున్న, జ, న, గుడి. మొత్తం 22, అంటే పదహారు చొప్పున రెండు గదులు, 32 బైట్లు. కానీ యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. అసలు పొడవు 21, మొత్తం 36, కావాల్సినవి మూడు గదులు. రెండు గదులని చెప్పి 36 బైట్లు పంపితే, మిగిలిన 4 బైట్లను ప్లేయర్ ధ్వని అనుకుంటుంది. అంతటితో పోదు. అక్కడి నుంచి లెక్క నాలుగు బైట్లు జరిగిపోతుంది. తర్వాతి పేరు ముక్క వచ్చేచోట ప్లేయర్ ధ్వనిలోని ఏదో బైటును పొడవుగా చదువుతుంది. చిటపటలు, నత్తి, చివరికి మౌనం. ఇంగ్లిష్ పేర్లతో ఏళ్ల తరబడి నడిచిన సర్వర్ తెలుగు పేరు పెట్టిన రోజున పాడవుతుంది. నేరం తెలుగుదని లోకం అనుకుంటుంది.

ఐస్‌కాస్ట్ కూడా ఈ విషయంలో పూర్తిగా నిర్దోషి కాదు. ఎంపీ3 ప్రసారాల్లో పేర్లు పశ్చిమ యూరప్ లిపి సంకేతంలో ఉన్నాయని అది ముందే అనుకుంటుంది. యూటీఎఫ్-8 అని అమరికల్లో మనం చెప్పాలి. చెప్పకపోతే తెలుగు పేర్ల స్థానంలో అర్థంకాని గుర్తుల వరస వస్తుంది.

మూడు మార్గాలు పక్కపక్కన

పైన చెప్పినదంతా తోసిపంపే పద్ధతి. గడియారం సర్వర్‌ది. దీనికి ఎదురుగా నిలిచింది ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్ఎల్ఎస్. 2017లో దాని వివరణ ఆర్ఎఫ్‌సీ 8216గా అచ్చయింది. ఇందులో ధ్వనిని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి మామూలు ఫైళ్లుగా పెడతారు. వాటి పేర్లున్న ప్లేలిస్ట్‌ను ఎప్పటికప్పుడు తిరగరాస్తుంటారు. శ్రోత ప్లేయరే వచ్చి అడిగి తీసుకెళుతుంది. గడియారం ప్లేలిస్ట్‌లోకి మారింది. సర్వర్ మర్చిపోవచ్చు, మధ్యలో పునఃప్రారంభం కావచ్చు, కొత్త కోడ్ ఎక్కించవచ్చు. శ్రోతకు తెలియకపోవచ్చు కూడా. అదే తోసిపంపే పద్ధతిలో సర్వర్‌ను ఆపితే వింటున్న ప్రతి ఒక్కరి కనెక్షనూ తెగుతుంది.

నెమ్మది శ్రోత సమస్య కూడా హెచ్ఎల్ఎస్‌లో దాదాపు మాయమవుతుంది. ఫైళ్లు కాబట్టి, శ్రోతలకు దగ్గర్లో నకళ్లు ఉంచే సీడీఎన్‌లు వాటిని దాచుకోగలవు. హైదరాబాద్‌లో సాయంత్రం ఏడింటి కార్యక్రమం న్యూజెర్సీలో వేసవిలో ఉదయం తొమ్మిదిన్నరకు వింటారు. ఆఫీసుకు పోతూ వినే ఆ శ్రోతల భారమంతా అక్కడి సీడీఎన్ మోస్తుంది. ధర ఆలస్యం. ముక్క ఆరు సెకన్లుంటే, ప్లేయర్ చివరి నుంచి కనీసం మూడు ముక్కల వెనక నుంచి మొదలుపెట్టాలి కాబట్టి, పద్దెనిమిది సెకన్ల పైమాటే. పాటలకు ఇది లెక్కలోది కాదు. శ్రోత ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమంలో ఎదుట ఉన్న రేడియోలో తన గొంతు ఇరవై సెకన్ల తర్వాత వినపడితే మాత్రం ఇబ్బందే. ఆలస్యం తగ్గించే హెచ్ఎల్ఎస్ రూపాన్ని ఆపిల్ 2019లో ప్రకటించింది, కానీ దానికి సర్వర్ మళ్లీ తెలివిగా మారాలి. వదిలించుకున్న పని తిరిగి నెత్తికెక్కుతుంది.

మూడోది వెబ్ఆర్‌టీసీ. 2021 జనవరిలో డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. ఆలస్యం అర సెకను లోపే. కానీ ఇది సంభాషణ కోసం పుట్టింది. నెట్ తడబడితే ధ్వనిని ఆపి నింపుకోదు, పారేసి ముందుకు పోతుంది. మాటకు సరే, కీర్తనకు అది గాయం. శ్రోత ఒక్కొక్కరికీ రహస్య సంకేతీకరణ, చిరునామా బేరసారాలు ఉంటాయి కాబట్టి సర్వర్ భారం పెరుగుతుంది. రేడియోలో దీనికి సరైన చోటు శ్రోతల వైపు కాదు, స్టూడియో వైపు. ఇంట్లో కూర్చున్న ఆర్‌జే గొంతును సర్వర్‌కు చేర్చడానికి ఇది బాగా పనికొస్తుంది. అదే పనికి బ్రౌజర్‌లోని మీడియారికార్డర్‌ను వెబ్‌సాకెట్‌తో జోడించేవాళ్లూ ఉన్నారు. చిన్న స్టేషన్‌కు అదీ చాలు.

పోల్చి చెప్పాలంటే, తోసిపంపే పద్ధతి పాత ప్లేయర్లన్నిటితోనూ, చివరికి బల్లమీది వైఫై రేడియోలతోనూ మాట్లాడుతుంది. ఎంతమంది వింటున్నారో క్షణాల్లో చెబుతుంది. వేల శ్రోతల దగ్గర చతికిలపడుతుంది. హెచ్ఎల్ఎస్ లక్షలదాకా సాగుతుంది, శ్రోతల లెక్క మాత్రం అంచనానే. వెబ్ఆర్‌టీసీ వేగంలో రాజు, ఖర్చులోనూ రాజే.

నోడ్ ఎందుకు, ఐస్‌కాస్ట్ ఉండగా

ఈ ప్రశ్నకు సూటి జవాబు: ధ్వని పంచడానికి నోడ్ అవసరం లేదు. సీలో రాసిన ఐస్‌కాస్ట్ ఆ పని తక్కువ మెమరీతో చేస్తుంది. పాటల వరసకు, ఒకదాంట్లోకి ఒకటి కరిగించడానికి ఓకామల్ భాషలో రాసిన లిక్విడ్‌సోప్ ఉంది. దానికి సాటి జావాస్క్రిప్ట్‌లో లేదు.

కానీ రేడియో అంటే పంపకం ఒక్కటే కాదు. ఇప్పుడు ఏ పాట, తర్వాత ఏది, శ్రోత కోరిన పాట, ఆర్‌జే తెర, పండగరోజు ప్రత్యేక వరస, వాట్సాప్‌లో వచ్చిన గొంతు సందేశం. ఇవన్నీ వెబ్ పనులు, అక్కడ జావాస్క్రిప్ట్ ఇంటిమనిషి. కాబట్టి నోడ్‌ను ఇంటి పెద్దగా, ఐస్‌కాస్ట్‌నో ఎఫ్ఎఫ్ఎంపెగ్‌నో పనివాళ్లుగా పెట్టే మధ్యేమార్గమే ఎక్కువచోట్ల నిలిచింది. మొత్తం నోడ్‌లోనే రాయాలనే పట్టుదల నేర్చుకునేవారికి తగినదే. వందా రెండువందల శ్రోతలదాకా అది పనిచేస్తుంది కూడా. ఒక హెచ్చరిక: ప్రాసెసర్ కోర్లన్నీ వాడుకుందామని నోడ్‌ను పలు ప్రాసెస్‌లుగా విడదీస్తే ఒక్కో ప్రాసెస్‌కు ఒక్కో గడియారం పుడుతుంది. అప్పుడు ఒకే స్టేషన్‌లో నాలుగు రేడియోలు నడుస్తాయి. గడియారం ఒక్క ప్రాసెస్‌లోనే ఉండాలి, మిగతావి దాన్ని వినాలి.

ఇంకా తేలనివి

ఖర్చు లెక్క మొదటిది. 128 కేబీపీఎస్‌లో నెలంతా వినే ఒక్క శ్రోతకు 41 గిగాబైట్లు పైచిలుకు. సగటున వందమంది అంటే నాలుగు టెరాబైట్లు దాటుతుంది. 2012లో ఆర్ఎఫ్‌సీ 6716గా వచ్చిన ఓపస్ అనే ధ్వని ఫార్మాట్ 48 కేబీపీఎస్‌లోనే చక్కగా వినపడుతుంది, ఖర్చు సగానికి లోపే. కానీ సఫారీ చాలాకాలం ఓపస్ ప్రసారాలకు మొరాయించింది. పాత వైఫై రేడియోలకు అసలు తెలియదు. 2017లో ఎంపీ3 లైసెన్సు వసూళ్లు ముగిశాక, దాన్ని వదలాలనే ఒత్తిడి కూడా తగ్గింది.

బ్రౌజర్లది ఇంకో గోల. 2018లో క్రోమ్, వినేవారు ఏదైనా నొక్కందే ధ్వని మొదలవకుండా కట్టడి చేసింది. 2020లో, సురక్షిత పేజీలో మామూలు హెచ్‌టీటీపీ ధ్వని పెడితే దాన్ని బలవంతంగా సురక్షిత చిరునామాకు మార్చడం మొదలుపెట్టింది. సర్టిఫికెట్ లేని పాత స్టేషన్లు ఆ దెబ్బకు పేజీల్లో మూగబోయాయి.

ఇక శ్రోత సౌండ్‌కార్డు గడియారం. అది మన సర్వర్‌తో లక్షలో ఐదు వంతులు తేడాగా నడిచినా రోజుకు 4.3 సెకన్లు జరుగుతుంది. తోసిపంపే పద్ధతిలో దీనికి ఖచ్చితమైన పరిష్కారం లేదు. ఎప్పుడో ఒకసారి ఆగి నింపుకోవడమే.

అన్నిటికంటే పెద్ద చిక్కు సాంకేతికం కాదు. ఎఫ్ఎం పెట్టాలంటే తరంగాలకు ప్రభుత్వ అనుమతి కావాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పిన పదమూడేళ్లకు గానీ జహీరాబాద్ దగ్గర మాచునూరులో మహిళల సంగం రేడియో గాలిలోకి రాలేదు. నెట్‌కు తరంగాలు అక్కర్లేదు. కాబట్టి ఎవరైనా పెట్టొచ్చు. కానీ ఏ పాటలు వేయొచ్చు? కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 31డి సెక్షన్ ప్రసారకర్తలకు నిర్ణీత రుసుముతో చట్టబద్ధ లైసెన్సు ఇస్తుంది. ఇది నెట్‌కూ వర్తిస్తుందని 2016లో ప్రభుత్వ శాఖ ఒక మెమోలో అంది. టిప్స్ అనే పాటల కంపెనీకీ, వింక్ అనే పాటల యాప్‌కూ మధ్య కేసులో బొంబాయి హైకోర్టు 2019లో కాదంది. 2022లో డివిజన్ బెంచి కూడా అదే తీర్పు నిలబెట్టింది. అంటే మన దేశంలో నెట్ రేడియో పాటల హక్కుదారులతో విడివిడిగా మాట్లాడుకోవాలి.

పాత పాటలైతే ఇబ్బంది లేదనుకోవడమూ పొరపాటే. రికార్డు హక్కు 60 ఏళ్లు. మాయాబజార్ రికార్డులు సినిమా వచ్చిన 1957లోనే వెలువడ్డాయనుకుంటే వాటి హక్కు 2017 చివరితో ముగిసింది. కానీ పాట రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. సాహిత్యం హక్కు రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు, అంటే 2031 చివరిదాకా. సంగీతానిది మళ్లీ వేరే లెక్క.

అమెరికాలో చట్టబద్ధ లైసెన్సు ఉంది, 1998 చట్టం ఇచ్చింది. దానికి షరతులున్నాయి: మూడు గంటల్లో ఒకే గాయకుడివి నాలుగు పాటలకు మించకూడదు, వరసగా మూడుకు మించకూడదు. బాలు జయంతికి రోజంతా బాలు పాటలే వేయడం మన అలవాటు. అక్కడి లైసెన్సు కింద నడిచే స్టేషన్ అలా వేయాలంటే హక్కుదారుల నుంచి విడిగా అనుమతి తెచ్చుకోవాలి. ఈ నియమాన్ని పాటల వరస తయారుచేసే ప్రోగ్రాములోనే రాసుకోవచ్చు. నోడ్‌లో గంట పని.

ఉదాహరణ ప్రోగ్రాములు రాసి పంచేవారికి ఒక విన్నపం. పైప్ ఒక్కటి చూపించి దానికి రేడియో సర్వర్ అని పేరు పెట్టకండి. గడియారం బాకీ తీర్చే లైను, నెమ్మది శ్రోతను వదిలేసే లైను కూడా చేర్చండి. ఆపై పాట పేరు తెలుగులో పెట్టి కనీసం నలభై నిమిషాలు విని చూడండి.